ఊఁ అంటే కొన్న పడవ

జనవరి 9

వదినగారికి మీ మరదలు నమస్కరించి రాస్తున్నది.

ముందుగా నా రాతకి మీరు క్షమించాలి. నేను చదివింది అయిదో తరగతి దాకా. అందులోనూ చివరి ఏడు సగం తమ్ముణ్ణి చంకన వేసుకుని గుమ్మంలో నిలబడి విన్న చదువే. ఎక్కడ ల రాయాలో ఎక్కడ ళ రాయాలో నాకెప్పుడూ అనుమానం. తప్పులుంటే దిద్దుకుని చదవండి. వరసలు కిందికి జారిపోతున్నాయంటే దానికి మాత్రం నేను కారణం కాదు. కాగితం కింద పెట్టుకున్న చెక్క వంకరది. అది పడవ చెక్క. ఆ సంగతే రాద్దామని కూర్చున్నాను.

పోయినసారి వచ్చినప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "మా వాడు ఉత్తరాలు రాసే రకం కాదు, వాడేం వెలగబెడుతున్నాడో నువ్వైనా రాయి" అన్నారు. ఇన్నాళ్లూ రాయడానికి ఏమీ లేదు. ఇప్పుడుంది. మీ తమ్ముడు పడవ కొన్నారు.

బొమ్మ పడవ కాదు. తెరచాప కట్టి గాలితో నడిపే నిజం పడవ. వయసులో నాకంటే పదిహేనేళ్లు పెద్దది, అందుకని నేను మనసులో దాన్ని పెద్దావిడ అనుకుంటున్నాను. ప్రస్తుతం నీళ్లలో లేదు. రేవు పక్కన ఒక పెద్ద ఆవరణ ఉంది. పాత పడవల్ని అక్కడ గుంజలు ఆనించి నేలమీద నిలబెడతారు, ఎవరి పడవ వాళ్లు బాగుచేసుకుంటారు. అందరూ దాన్ని పడవల దొడ్డి అంటారు. పొలంలో పడ్డ గొడ్లని బందెలదొడ్డిలో తోస్తారు కదా, ఇక్కడ దారితప్పిన మగవాళ్లు తోసిన పడవలుంటాయి.

మీ తమ్ముడు కరెంటాఫీసులో బిల్లుల కిటికీ మూయగానే అక్కడికి పోతారు. ఆదివారమైతే పొద్దున్నుంచీ అక్కడే. నేను అన్నం డబ్బా తీసుకెళ్లి, ఇక పట్టుకుంటూ ఉంటాను. పడవ మరమ్మతులో సగం పని పట్టుకోవడమే వదినగారూ. నిచ్చెన పట్టుకో, దీపం పట్టుకో, పలక అటు చివర పట్టుకో. కాపురానికొస్తే ఇన్ని పట్టుకోవాలని మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

పని నేర్పడానికి ఒక పాత పుస్తకం కొన్నారు. మధ్యలో కొన్ని పేజీలు చెదలు తినేశాయి. చిత్రమేమిటంటే, మా పడవకున్న రోగాలన్నీ ఆ చెదలు తిన్న పేజీల్లోనే ఉన్నాయి. మొదటి పని పాత రంగు గీకడం. తెలుపు కింద నీలం, నీలం కింద ఆకుపచ్చ, దాని కింద ఎరుపు. ఉల్లిపాయ వలిచినట్టే. రంగు పొడి పడి మీ తమ్ముడి కల్లు పొద్దస్తమానం ఎర్రగా ఉంటున్నాయి. ఒకచోట ఎంత గీకినా చెక్క రాలేదు. చివరికి కత్తి అవతలికి పోయింది. చెక్క ఎప్పుడో పోయింది, రంగే పడవలా నిలబడి ఉంది. మీ తమ్ముడు ఆ రంధ్రంలోంచి అవతల ఆకాశం చూసి, "గాలి బాగా ఆడుతుంది" అన్నారు.

మా పక్కన ఒక ఇనప పడవ ఉంది. దాని సొంతదారు ముసలాయన. అందరూ ఇనప తాత అంటారు. పడవ బాగుచేయడం మొదలుపెట్టినప్పుడు ఆయన జుట్టు నల్లగా ఉండేదట. ఇంతవరకు నీళ్లలో దింపలేదు. "దింపితే పాడైపోతుంది" అంటారు. మీ తమ్ముడికి గురువు ఆయనే.

మా మేడ మీది రెండు గదులు మీరు చూశారు కదా. వంటింటి కిటికీ పక్కన నేను సొంతంగా మేకు కొట్టి జల్లెడ తగిలించాను. మా పుట్టింట్లో ఏ గోడా నాది కాదు, ఎక్కడ చాప ఖాళీగా ఉంటే అక్కడ పడుకున్నదాన్ని. ఆ మేకుని రోజుకోసారి ముట్టుకుని చూస్తాను. ఎందుకో ఈ మాట కూడా రాయాలనిపించింది.

ఆయన గురించి ఇలా రాశానని తెలిస్తే బాగుండదు. చదివాక ఈ ఉత్తరం కాల్చేయండి.

ఇట్లు,
అటు చివర పట్టుకుని ఉన్న మీ మరదలు


జనవరి 21

అమ్మా మరదలా,

నీ ఉత్తరం అందింది. మొదట నా గుండె ఆగినంత పనైంది. "మీ తమ్ముడి కల్లు" అని రాశావు. పొద్దస్తమానం కల్లు, అదీ ఎర్రగా. పడవ కొన్నాడు, తాగుడు మొదలుపెట్టాడు, ఇక మిగిలిందేముందని మంచమ్మీద కూలబడ్డాను. మీ అన్నయ్య వచ్చి చదివి, "అవి కళ్లే, లేచి కాఫీ పెట్టు" అన్నారు. ఇకనుంచి కళ్ల దగ్గర జాగ్రత్తగా రాయి.

వాడి సంగతి నాకు కొత్తగా చెప్పేదేముంది. పన్నెండేళ్లప్పుడు గోడగడియారం బాగుచేస్తానని విప్పాడు. మళ్లీ బిగించాక చేతిలో మూడు ముక్కలు మిగిలాయి. "ఇవి ఎక్కువ పెట్టారు" అన్నాడు. గడియారం తిరిగింది, కాకపోతే వెనక్కి. మా నాన్న అద్దంలో చూసి టైము తెలుసుకునేవాడు. సైకిలు విప్పాడు, అది ఇప్పటికీ విప్పే ఉంది. ఆ చేతికి ఇప్పుడు పడవ దొరికింది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు.

అంతవరకూ వాడి తప్పు. ఇప్పుడు నీ తప్పుకొద్దాం. నీ ఉత్తరం వచ్చిన మర్నాడే వాడి ఉత్తరం కూడా వచ్చింది. పెళ్లయ్యాక వాడు రాసిన మొదటి ఉత్తరం. "నీ మరదల్ని అడిగే కొన్నానక్కా, ఊఁ అంది. అందులోనే కాపురం పెడదామా అంటే దానికీ ఊఁ అంది. ఇంత ధైర్యం ఉన్న మనిషి అనుకోలేదు" అని మురిసిపోయాడు. వాడి ముందు ఊఁ, నా దగ్గర ఉసూరుమంటూ ఉత్తరం. రెండు పడవల మీద కాళ్లంటే ఇదేనమ్మా. నోట్లో నాలుక లేదనుకున్నాను, ఉన్నవి రెండన్నమాట. మెత్తని కత్తి అని మా అమ్మ ఊరికే అనలేదు నిన్ను.

పెద్దావిడ అన్నావు చూడు, అది మాత్రం బాగుంది. సవతి పోరు పడలేక సముద్రంలో దూకినవాళ్ల గురించి విన్నాను గానీ, సవతినే సముద్రంలో దింపి అందులో కాపురం చేసేదాన్ని నిన్నే చూస్తున్నాను.

కాల్చమన్నావు. ఎలా కాలుస్తానమ్మా, మీ అన్నయ్య ఇంకా రెండోసారి చదువుతున్నారు.

నోరున్న ఆడపడుచు


ఫిబ్రవరి 2

వదినగారికి నమస్కారాలు.

కాల్చమంటే అన్నయ్యగారికి ఇచ్చారా. నాకు తలెత్తుకోవాలంటే సిగ్గుగా ఉంది. అయినా రాయక తప్పదు, ఎందుకంటే మీరు నన్ను తప్పుగా అనుకున్నారు. నా కళ్ల మీద ఒట్టు (ఈసారి రెండుసార్లు చూసి రాశాను), ఆ ఊఁ సంగతి పూర్తిగా వినండి.

మా ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడుతుంటే ఆడపిల్లలు ఊఁ కొట్టాలి. కొట్టకపోతే "వింటున్నావా, గోడకి చెబుతున్నానా" అని అరుస్తారు. మాటకి మాట చెబితే "ఎదురు చెబుతావా" అంటారు. రెండింటి మధ్యా మిగిలింది ఊఁ ఒక్కటే. ఊఁ అంటే నా చెవి తెరిచి ఉందని. నా మనసు తెరిచానని కాదు. మీ తమ్ముడికి ఈ తేడా తెలియదు. మీ ఇంట్లో అందరూ మాట్లాడతారు కదా.

ఆరోజు నేను బీరకాయ చెక్కు తీస్తున్నాను. కుళాయి తిప్పి ఉంది. ఆయన గుమ్మంలోంచి ఏదో అన్నారు. చివర "కొందామా" అన్నది మాత్రం వినిపించింది. కొత్త బకెట్టు గురించేమోనని ఊఁ అన్నాను. వారం తిరగకుండా పడవ వచ్చింది. ఆ తర్వాత ఒకరోజు పడవలోకి దిగి, నడుం వంచుకుని లోపలి గది చూసి వచ్చి, నవ్వుతూ, "అందులోనే ఉండిపోతే ఎలా ఉంటుందంటావు" అన్నారు. ఆ నవ్వు వేళాకోళమో నిజమో నాకు పోల్చుకోవడం రాదు. రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ ఊఁ అన్నాను. అంతే. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, నా ఊఁ కి ఆయన పూర్తి అంగీకారం రాసుకున్నారు. నన్ను చేసుకోవడం ఇష్టమేనా అని మీ అమ్మగారు అడిగినప్పుడు కూడా నేను ఊఁ అనే అన్నాను. అది మాత్రం నిజం ఊఁ. అది ఆయనతో చెప్పకండి.

ఆ ఊఁ ఇప్పుడు పడవకే చిల్లు పెట్టింది. పడవ అడుగున ఒక గొట్టం బిగించాలి. దానికి రంధ్రం చేయాలి. లోపలినుంచి తొలిచేది ఆయన, బయట నిలబడి సుద్దగీత దగ్గరికి వస్తోందో లేదో చూసేది నేను. ఆయన లోపలినుంచి చెక్కమీద తట్టి, "ఇక్కడేనా" అన్నారు. ఇక్కడ కాదు, సుద్దగీతకి జానెడు ఇవతల తడుతున్నారు. కాదండీ అని అరవాలి. సరిగ్గా అప్పుడే ఇద్దరు మగవాళ్లు నిచ్చెన మోసుకుంటూ నా పక్కనుంచి పోతున్నారు. పరాయి మగవాళ్ల ముందు ఎలా అరుస్తాను? వాళ్లు వెళ్లేదాకా ఆగమని చెప్పడానికి, మీ మాట విన్నాను అన్నట్టు, చిన్నగా ఊఁ అన్నాను.

తొలిచే ములుకు నా చెవి పక్కనుంచి బయటికొచ్చింది. ఆ పడవలో ఉన్న మంచి పలకలు నాలుగైతే అందులో ఒకదానికి చిల్లు. మీ తమ్ముడు కిందికి దిగి, చిల్లునీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఊఁ అన్నావుగా" అన్నారు. ఇనప తాత వచ్చి, "నీళ్లు లోపలికి రావడానికొకటి, బయటికి పోవడానికొకటి, సరిపోయింది" అన్నారు.

దానికి కర్ర బిరడా కొట్టి మూశాం. కానీ ఇంకో చిల్లుంది, దానికి బిరడా లేదు. మార్చి నెలాఖరుకి గదులు ఖాళీ చేస్తామని మీ తమ్ముడు ఇంటావిడతో చెప్పేశారు. మార్చి రెండో ఆదివారం పడవ నీళ్లలో దింపుతారట. ఇంటావిడ నావైపు తిరిగి, "నీకూ ఇష్టమేనా అమ్మా" అని అడిగింది. నేనేమన్నానో మీకు తెలుసు.

నా మేకు ఊడదీసుకుని పడవలో ఎక్కడ కొట్టుకోను? ఎక్కడ కొట్టినా నీళ్లొస్తాయి.

ఈసారైనా కాల్చేయండి. అన్నయ్యగారికి ఇవ్వకండి.

రెండు నాలుకలు లేని మీ మరదలు


ఫిబ్రవరి 12

మరదలా,

నీ మీద విసుక్కున్నాను, అది వెనక్కి తీసుకుంటున్నాను. సగమే. మిగతా సగం ఎందుకు ఉంచుకున్నానంటే, నోరనేది అన్నం తినడానికి మాత్రమే ఇవ్వలేదమ్మా. ఊఁ అనగలిగినదానివి, పక్కన ఒక హూఁ తగిలించలేవూ? ఊఁహూఁ. అంతే కదా. మొదటి సగం నీకు ఎలాగూ వచ్చు. ముందు గిన్నెలకి చెప్పు. తర్వాత పాలవాడికి చెప్పు. ఆ తర్వాత మా వాడు. వాడేమీ పులి కాదు. చిన్నప్పుడు బొద్దింకని చూసి నా వెనక దాక్కున్నవాడు.

ఈలోగా నీ తరఫున నేనే వాడికి ఉత్తరం రాశాను. తిట్లన్నీ తీసేస్తే మిగిలింది ఒక్క వాక్యం: "ఒరే, అది ఊఁ అన్నంత మాత్రాన నీ మాట విన్నట్టు కాదురా." ఇంతకంటే విప్పి చెప్పక్కర్లేదు. వాడు మొద్దబ్బాయే గానీ తెలుగు వచ్చు.

మీ అన్నయ్య ఉత్తరం అడిగారు. ఇవ్వలేదు. నోటితో చెప్పాను.

సగం మెత్తబడ్డ ఆడపడుచు


ఫిబ్రవరి 25

వదినగారికి,

మీరు నా మంచికే రాశారు, నాకు తెలుసు. కానీ మీ తమ్ముడికి మీరనుకున్నంత తెలుగు రాదు.

మీ ఉత్తరం చదివి ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత నా వెనక్కి వెళ్లి చప్పట్లు కొట్టారు. నేను కంగారుపడి తిరగలేదు, ఆయన ఈమధ్య దోమల్ని కొడుతుంటారు కదా అని ఊరుకున్నాను. దాంతో ఆయనకి రూఢి అయిపోయింది. ముందుకొచ్చి, నా మొహానికి మొహం దగ్గరపెట్టి, గట్టిగా, ఒక్కొక్క ముక్కా విడదీసి, "మా అక్క రాసింది. నువ్వు ఊఁ అంటావు గానీ నా మాట విన్నట్టు కాదట. ఎన్నాళ్లనించి వినపడటం లేదు?" అన్నారు.

వినపడుతుందని చెప్పాను. నా గొంతు ఎంత చిన్నదో మీకు తెలుసు. "చూశావా, నీ గొంతు నీకే వినపడక చిన్నగా మాట్లాడుతున్నావు" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ తర్వాత నేను ఏం చెప్పినా జాలిగా తలాడిస్తున్నారు.

మర్నాటికల్లా దొడ్డంతా తెలిసిపోయింది. ఇనప తాత నన్ను చూస్తే చేతులతో బొమ్మలు గీసి చూపిస్తున్నారు. మొన్న "మంచినీళ్లు కావాలా" అని అడగడానికి ఆయన చేసిన సైగలకి నేను పారిపోయి పడవ వెనక నిలబడ్డాను. నిచ్చెన మోసే ఇద్దరూ నా పక్కనుంచి పోతూ "పాపం" అంటున్నారు, అదీ గట్టిగా.

ఇంతవరకూ నవ్వుకోండి. అసలు సంగతి ఇది. వినపడనిదాని ముందు మనుషులు ఏదైనా మాట్లాడతారు.

మొన్న ఆదివారం నేను పలకల సందుల్లో నార కూరుతున్నాను. పలకకీ పలకకీ మధ్య నీళ్లు కారకుండా నారని ఉలితో కొట్టి కూరాలి. ఆ పని పుస్తకంలో చెదలు తినని భాగంలో ఉంది, నాకు చేతికి బాగానే వచ్చింది. బారెడు దూరంలో మీ తమ్ముడూ ఇనప తాతా టీ తాగుతూ కూర్చున్నారు. తాత ఒక పాత స్క్రూడ్రైవరు తీసుకుని పడవ అడుగు దూలంలో గుచ్చారు. పడవ మొత్తానికి వెన్నెముక అదే. తడిపిన పిండిలో వేలు దిగినట్టు పిడిదాకా దిగిపోయింది.

"పుచ్చిపోయిందయ్యా" అన్నారు తాత.

"తెలుసు బాబాయ్" అన్నారు మీ తమ్ముడు.

"తెలిసీ దింపుతావా?"

"ఇనప పట్టీ వేశాగా. రేవులోనే కట్టేసి ఉంచుతాం. సముద్రం మీదకి పోతే కదా."

"రేవులో మాత్రం నీళ్లుండవూ? అయినా ఉన్న కొంప ఎందుకు వదులుకుంటున్నావయ్యా, నీకేం తిక్కా?"

మీ తమ్ముడు టీ గ్లాసు కింద పెట్టారు. "నాకేం సరదా బాబాయ్. ఆ డబ్బాలో నేను నిటారుగా నిలబడలేను. ఏదో నవ్వులాటకి అన్నాను, అందులోనే ఉండిపోతే ఎలా ఉంటుందని. అది ఊఁ అంది. మళ్లీ అడిగాను, మళ్లీ ఊఁ అంది. ఇన్నాళ్లలో నోరు తెరిచి ఇది కావాలని ఒక్కటి అడగలేదు. ఇదొక్కటి కావాలనుకుంది. పైగా ఇప్పుడు చెవులు కూడా లేవాయె. ఎలా కాదనను?"

నా చేతిలో సుత్తి ఆగిపోయింది. ఆగితే విన్నానని తెలిసిపోతుందని మళ్లీ కొట్టాను. వేలిమీద పడింది. అందుకే ఈ రాత ఇంత అధ్వానంగా ఉంది.

ఆయనకి ఇష్టం లేదు. నాకు ఇష్టం లేదు. ఒకరి ముచ్చట కోసం ఒకరం పుచ్చిన పడవెక్కి మునగబోతున్నాం. ఇది కాపురమా, వేళాకోళమా? నేను వెళ్లి "అది కాదండీ" అంటే ఆయన జాలిగా తలాడిస్తారు. ఉత్తరం రాసి ఇద్దామా అంటే, మీ ఒక్క వాక్యానికే నన్ను చెవిటిదాన్ని చేశారు, నేను ఒక పేజీ రాస్తే ఏమవుతానో తెలియదు.

రెండో ఆదివారం దగ్గరకొచ్చేసింది. ఇంటావిడ మా గదులు తన అక్క కొడుక్కి ఇస్తానని చెప్పిందట. అతను నిన్న వచ్చి గోడలు కొలుచుకుని వెళ్లాడు. నా మేకు చూసి, "ఇది పీకేయాలి" అన్నాడు.

ఏం చేయమంటారో రాయండి. రాసి, ఇది కాల్చేయండి.

చెవులు బాగానే ఉన్న మీ మరదలు


మార్చి 4

పిచ్చి మొహమా,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియక మీ అన్నయ్య మీద అరిచాను. ఆయన తప్పేమీ లేదు, దగ్గర్లో ఉన్నారంతే.

"మాట విన్నట్టు కాదు" అంటే ఒప్పుకున్నట్టు కాదని కాకుండా చెవుడని అర్థం చేసుకున్నవాడికి నేనిక ఒక్క ముక్క రాయను. రాస్తే అందులోంచి ఇంకేం రోగం తీస్తాడో. బిల్లుల కిటికీ వెనక కూర్చుని కూర్చుని వాడికి మనుషుల మాటలు కూడా మీటరు రీడింగులా కనిపిస్తున్నాయి.

నేను బయల్దేరి వద్దామనుకున్నాను. మోకాలు ఒప్పుకోలేదు. రాకపోవడమే మంచిది. నేనొచ్చి నీ బదులు అరిస్తే, ఆ తర్వాత జీవితమంతా ప్రతిదానికీ నేను రైలెక్కాలి.

ఒక్క మాట చెబుతాను. వినపడనివాళ్లు ఎలా మాట్లాడతారు? గట్టిగా. తమ గొంతు తమకి తెలియదు కాబట్టి వీధి చివరిదాకా వినపడేలా మాట్లాడతారు. మా పెదనాన్న అంతే, ఆయన రహస్యం చెబితే పక్క ఇంటివాళ్లు జవాబు చెప్పేవాళ్లు. ఎవరూ ఏమీ అనుకునేవాళ్లు కాదు. మగవాళ్లు వింటారని కదా నీ సిగ్గు? వాళ్లంతా నీకు చెవుడనుకుంటున్నారు. చెవిటిదానికి సిగ్గేమిటే? ఆ నలుగురి ముందే, కడుపులోంచి, ఒక్కసారి అరిచెయ్యి. వాళ్లిచ్చిన బిరుదే కదా, వాడుకో.

హూఁ మర్చిపోకు. సగంలో ఆపితే ఖాయంగా మునుగుతావు.

నీ ఆడపడుచు


మార్చి 15

వదినగారికి మీ మరదలు రాస్తున్నది.

ఈ ఉత్తరంలో తప్పులకి క్షమించమని అడగను. అడిగీ అడిగీ నాకే విసుగొచ్చింది.

దింపడం నిన్ననే. చక్రాల బండి మీద పడవని పడుకోబెట్టినట్టు కట్టి, ట్రాక్టరుతో వెనక్కి నెట్టుకుంటూ రేవు వాలు మీదుగా నీళ్లలోకి దించుతారు. నీళ్లు తగిలాక పడవ పక్కకి పోకుండా గట్టు మీద ఒకరు మోకు పట్టుకోవాలి. ఎవరు పట్టుకుంటారో చెప్పక్కర్లేదు కదా.

దొడ్డిలో ఉన్నవాళ్లంతా వచ్చారు. ఇనప తాత ఉతికిన చొక్కా వేసుకొచ్చారు, చావుకి వచ్చినట్టు. నిచ్చెన మోసే ఇద్దరూ ఈసారి నిచ్చెన లేకుండా వచ్చారు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డారు. మీ తమ్ముడు బండి పక్కన నిలబడి ఉన్నారు. మొహంలో నెత్తురు లేదు. ట్రాక్టరు డ్రైవరు "చెప్పండి సార్" అన్నాడు. ఆయన డ్రైవరుకి చెప్పకుండా నావైపు తిరిగారు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి, రేవు అవతలి గట్టుకి వినపడేలా, "ఏమోయ్, దింపుదామా?" అన్నారు.

అందరూ నన్నే చూశారు. మీ ఉత్తరం జాకెట్టులో ఉంది. మీరు రాసినట్టే గొంతు కడుపులోంచి తీశాను వదినగారూ. ఎంత గట్టిగా వచ్చిందంటే నాకే భయమేసింది.

"ఊఁ."

అక్కడ ఊపిరి అయిపోయింది.

డ్రైవరు బ్రేకు వదిలేశాడు. బండి కదిలింది. వెనక చక్రాలు మునిగాయి. నీళ్లు పడవ వెనక భాగం కిందికి చేరాయి. నేను గాలి పీల్చుకుంటున్నాను, లోపలికి పోవడం లేదు. ఇనప తాత కళ్లు మూసుకున్నారు. నీళ్లు ఇంకా పైకొచ్చాయి, నా చేతిలో మోకు బిగిసింది, అప్పుడు వచ్చింది మిగతా సగం.

"హూఁ."

ట్రాక్టరు ఆగింది. మీ తమ్ముడు, "ఏమన్నావు?" అన్నారు, మామూలు గొంతుతో. నేను మాత్రం తగ్గలేదు. ఒకసారి తెరుచుకున్నాక మూయడం తెలియలేదు.

"ఊఁహూఁ అన్నాను. నాకు చెవులు బాగానే వినపడతాయి. దూలం పుచ్చిపోయిందని విన్నాను. మీకు అందులో ఉండటం ఇష్టం లేదని విన్నాను. నాకూ లేదు. ఏనాడూ లేదు. నేను ఊఁ అంటే విన్నానని, సరే అని కాదు. నాకు నా గది కావాలి. నా మేకు కావాలి."

మేకు సంగతి ఎవరికీ అర్థం కాలేదు. నిచ్చెన మోసేవాళ్లలో ఒకడు జేబులోంచి ఒక మేకు తీసి ఇవ్వబోయాడు.

మీ తమ్ముడు ఉన్నచోటే గట్టు మీద కూర్చుండిపోయారు. కోపం వచ్చిందనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. దగ్గరికెళ్లి చూస్తే నవ్వుతున్నారు, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. "ముందే చెప్పొచ్చుగా" అన్నారు. "మీరు నన్ను చెవిటిదాన్ని చేశారుగా" అన్నాను. ఆయన జీవితంలో మొదటిసారి ఊఁ అన్నారు. ఇనప తాత వచ్చి, "నీకు చెవులున్నాయని తెలిస్తే నా చేతులు అంత నొప్పెట్టేవి కాదు కదమ్మా" అని నా ముందే విసుక్కున్నారు. పడవని మళ్లీ పైకి లాక్కొచ్చి పాత గుంజలకే ఆనించాం.

సాయంత్రం ఇంటావిడ దగ్గరికి ఇద్దరం వెళ్లాం. మాట ఇచ్చేశాను, అక్క కొడుకు సామాను సర్దుకున్నాడు అంది. మీ తమ్ముడు నోరు తెరిచేలోపు నేనే ఊఁహూఁ అన్నాను. రెండోసారి తేలిగ్గా వచ్చింది. ఆవిడ మొహం మాడ్చుకుని ఒప్పుకుంది గానీ, మెట్ల కింద మీ తమ్ముడు పడవ సామాను పెట్టుకునే చోటు మాత్రం లాక్కుంది. అందుకు నేను ఊఁ అన్నాను. అది నిజం ఊఁ.

ఇప్పుడు ఆయనకి కొత్త జబ్బు పట్టుకుంది. నేను దేనికి ఊఁ అన్నా, "ఇది విన్న ఊఁనా, ఒప్పుకున్న ఊఁనా" అని అడుగుతున్నారు. ఈ పొద్దున అలా అడిగిన ప్రశ్నల్లో ఒకటి, పడవని విరిచి చెక్కకింద అమ్మేద్దామా అని. నేను జవాబు చెప్పలేదు. కుళాయి తిప్పి, వినపడలేదన్నట్టు ఉన్నాను. బిరుదు ఇంకా పూర్తిగా పోలేదు కదా.

ఎందుకు చెప్పలేదో మీ ఒక్కరికే రాస్తున్నాను. నా ఊఁకీ హూఁకీ మధ్య నీళ్లు వెనక భాగం కిందికి చేరాయన్నాను చూడండి, అప్పుడు పెద్దావిడ ఒక్క క్షణం బండి మీదనుంచి లేచింది. ఏనుగంత బరువు, దాని సంగతే మర్చిపోయినట్టు లేచి, పక్కకి ఊగింది. నా చేతిలో మోకు పిల్లదూడ గుంజినట్టు గుంజింది. ఆ చివర సందుల్లో నేను కూరిన నార ఉంది. చుక్క నీరు లోపలికి రాలేదని తర్వాత పాకి చూశాను. ఇన్ని నెలలు ఇటు చివరా అటు చివరా పట్టుకున్నాను గానీ, అవతలినుంచి నన్ను పట్టుకుని లాగినది ఏదీ లేదు.

దూలం మార్చాలి. ఇనప తాతతో విడిగా మాట్లాడాను. ఏళ్లు పట్టినా పట్టొచ్చు అన్నారు. పట్టనీ. కాపురానికి కాదు, ఊరికే, ఒక ఆదివారం, ఒక్కసారి తెరచాప ఎత్తి చూడాలని ఉంది.

పాత ఉత్తరాలన్నీ మీ దగ్గరే ఉంచుకోండి, అన్నయ్యగారికి చదివి వినిపించండి, నాకేం సిగ్గు లేదు. ఈ ఒక్కటి మాత్రం నిజంగా కాల్చేయండి. పడవంటే నాకు ఇష్టమని ఇందులో రాశాను. మీ తమ్ముడికి తెలిసిందంటే మళ్లీ ఇల్లు ఖాళీ చేయిస్తారు.

మీ మరదలు